ఒక్క రకం ఫాస్ఫోలిపిడ్ సరిపోదా? కణత్వచంలో ఇన్ని రకాలు ఎందుకు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. కణత్వచాన్ని కట్టే ప్రధాన కొవ్వు అణువైన ఫాస్ఫోలిపిడ్‌ను పాఠ్యపుస్తకాలన్నీ ఒక గుండ్రని తల, రెండు తోకల బొమ్మగానే చూపిస్తాయి. రవాణా, సంకేతాలు, గుర్తింపు వంటి పనులన్నీ త్వచంలోని ప్రొటీన్లే చేస్తాయని కూడా అవే పుస్తకాలు చెబుతాయి. అలాంటప్పుడు ఒకే కణంలో వందల రకాల ఫాస్ఫోలిపిడ్లు ఎందుకు, అడ్డుగోడ కట్టడానికి ఒక్క రకం చాలదా, అసలు తోకలు రెండే ఎందుకు అని మీరు అడిగారు. కృత్రిమ లిపిడ్ పొరలను, ఆ పొరతో చేసిన సూక్ష్మ బుడగలైన లైపోజోమ్‌లను తయారుచేసి పరీక్షించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా గడిపాను. ఆ అనుభవం నుంచే సమాధానం చెబుతాను.

అడ్డుగోడ మాత్రమే కావాలంటే ఒక్క రకం చాలు. ఒకే రకం ఫాస్ఫోలిపిడ్‌తో నీటిలో చక్కని బుడగలు తయారవుతాయి, వాటిలో ఉప్పును రోజుల తరబడి నిలిపి ఉంచవచ్చు. అయితే కణానికి గోడ మాత్రమే చాలదు. దాని త్వచం అవసరమైన చోట వంగాలి, తెగాలి, తెగిన చోట ఒక్క చుక్క కూడా కారకుండా మళ్లీ అతుక్కోవాలి. చలికి గడ్డకట్టకూడదు, వేడికి కారకూడదు. లోపలి ముఖం ఒక రకంగా, బయటి ముఖం మరొక రకంగా ఉండాలి. ఇవన్నీ ఒక్క ఆకారపు అణువుతో సాధ్యం కావు. తల ఎంత చోటు తీసుకుంటుంది, తోకలు ఎంత చోటు తీసుకుంటాయి, ఆ తోకలు పక్కవాటితో ఎంత దగ్గరగా సర్దుకోగలవు, తల మీద విద్యుదావేశం ఎంత అనే నాలుగు విషయాలు తెలిస్తే ఒక ఫాస్ఫోలిపిడ్ త్వచంలో ఎలా ప్రవర్తిస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు.

ముందుగా అణువును సరిగ్గా చూద్దాం. మూడు కార్బన్ల గ్లిసరాల్ దీనికి ఆధారం. రెండు కార్బన్లకు చెరొక కొవ్వు ఆమ్లం ఎస్టర్ బంధంతో అతుక్కుని ఉంటుంది. మూడవ కార్బన్‌కు ఫాస్ఫేటు, ఆ ఫాస్ఫేటుకు కోలిన్, ఇథనోలమైన్, సెరీన్, ఇనోసిటాల్ వంటి ఒక చిన్న అణువు తగిలి ఉంటాయి. జంతు కణాలలో సాధారణంగా మొదటి స్థానంలో 16 లేదా 18 కార్బన్ల సంతృప్త ఆమ్లమూ, రెండవ స్థానంలో ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ద్విబంధాలున్న అసంతృప్త ఆమ్లమూ ఉంటాయి. తలలు కొద్ది రకాలే అయినా, తోకల పొడవునూ ద్విబంధాల సంఖ్యనూ వాటి స్థానాన్నీ కలిపి లెక్కిస్తే సాధ్యమయ్యే జతలు వందలకు చేరుతాయి. మీరు చదివిన "వందల రకాలు" ఈ లెక్క నుంచి వచ్చినవే.

ఇక్కడ విద్యార్థులు తరచుగా గమనించని విషయం ఒకటి ఉంది. త్వచంలో ఒక ఫాస్ఫోలిపిడ్‌కూ దాని పక్కనున్న ఫాస్ఫోలిపిడ్‌కూ మధ్య రసాయన బంధమేదీ లేదు. తోకలు ఒకదానినొకటి కొద్దిగా ఆకర్షించుకుంటాయి, కానీ పొరను నిలబెట్టేది ప్రధానంగా ఆ ఆకర్షణ కాదు, చుట్టూ ఉన్న నీరు. నీటి అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు మార్చుకుంటూ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటి మధ్యకు నూనె వంటి తోక వస్తే ఆ స్వేచ్ఛ తగ్గుతుంది, అందుకే తోకలన్నీ ఒకచోట చేరి నీటికి దూరమైనప్పుడే మొత్తం వ్యవస్థ కుదుటపడుతుంది. తలలు నీటి వైపు, తోకలు లోపలికి ఉండేలా రెండు పొరలు ఎదురెదురుగా నిలిచే ద్విస్తరం ఇలా ఏర్పడుతుంది. 1925లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను వేరుచేసి నీటి మీద ఒకే పొరగా పరిచి, ఆ వైశాల్యం కణాల ఉపరితలానికి రెట్టింపు ఉందని చూపారు. నిజానికి వారు లిపిడ్లను పూర్తిగా వేరుచేయలేదు, కణాల ఉపరితల వైశాల్యాన్ని కూడా తక్కువగా అంచనా వేశారు. ఆ రెండు పొరపాట్లు ఒకదానినొకటి సరిచేయడంతో వారి నిర్ధారణ మాత్రం నిలిచింది.

ఈ ద్విస్తరం మధ్యలో నూనె వంటి భాగం మందం సుమారు 3 నానోమీటర్లు, తలలను కూడా కలుపుకుంటే 4 నుంచి 5 నానోమీటర్లు. ఇంత పలుచని పొర సోడియం వంటి అయానును ఆపుతుందంటే ఆశ్చర్యం కలుగుతుంది. అయాను తన చుట్టూ ఉన్న నీటి అణువులను వదిలి నూనెలోకి ప్రవేశించడానికి చాలా శక్తి కావాలి. ఆవేశం లేని నీటి అణువుకు ఆ ఇబ్బంది అంతగా లేదు. అందువల్లనే నీటితో పోలిస్తే సోడియం అయాను ఫాస్ఫోలిపిడ్ పొరను దాటే వేగం వంద కోట్ల రెట్లకు పైగా తక్కువ. నాడీకణం విద్యుత్తును నిలుపుకోగలగడమూ, మైటోకాండ్రియా ప్రోటాన్ల తేడాతో ఏటీపీ తయారు చేయగలగడమూ ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. అక్కడ ప్రొటీన్లు చేసేది దారులు తెరవడం, మూయడం. అవి లేనిచోట దారి లేకుండా చేసేది లిపిడ్.

తోకలు రెండే ఎందుకు? ఒక తోక ఉన్న అణువులో తల వెడల్పు ఎక్కువ, కింది భాగం సన్నం. అంటే తల వైపు వెడల్పుగా ఉన్న శంకువు వంటి ఆకారం. అలాంటి వాటిని పక్కపక్కన పేర్చితే వరుస వంగిపోయి చిన్న గోళం, అంటే మైసెల్ ఏర్పడుతుంది. సబ్బు చేసేది ఇదే. రెండు తోకలు చేరితే కింది భాగపు వెడల్పు తల వెడల్పుతో దాదాపు సమానమై అణువు స్తంభాకారానికి వస్తుంది, స్తంభాలను పేర్చితే చదునైన పొర వస్తుంది. 1976లో జాకబ్ ఇజ్రేలాష్విలి, ఆయన సహచరులు దీనిని ఒక నిష్పత్తిగా రాశారు. తోకల ఘనపరిమాణాన్ని తల ఆక్రమించే వైశాల్యం, తోక పొడవుల లబ్ధంతో భాగించాలి. విలువ మూడింట ఒకటి కంటే తక్కువైతే గోళాకార మైసెల్, సగానికీ ఒకటికీ మధ్య ఉంటే ద్విస్తరం, ఒకటి దాటితే తలలు లోపలికి తిరిగిన తలకిందుల నిర్మాణాలు వస్తాయి. ఇంత సరళమైన సూత్రం ఇన్ని విషయాలను ముందే చెప్పగలగడం నాకు నేటికీ అబ్బురంగానే ఉంటుంది.

రెండవ తోక వల్ల మరొక లాభం ఉంది. కోలిన్ తల ఉన్న ఫాస్ఫోలిపిడ్‌ను లెసిథిన్ అంటారు, ఒక తోక ఊడిన దాని రూపం లైసోలెసిథిన్. 16 కార్బన్ల తోక ఒకటే ఉన్న లైసోలెసిథిన్ నీటిలో మైక్రోమోలార్ గాఢత వరకు విడి అణువులుగా కరిగి ఉండగలదు. అదే పొడవున్న రెండు తోకల లెసిథిన్ విడిగా ఉండగలిగే గాఢత నానోమోలార్ కంటే కూడా తక్కువ. తేడా పదివేల రెట్లకు పైనే. ఒక్క తోక లిపిడ్లతో కణం తన త్వచాన్ని కట్టుకుంటే అది నిత్యం చుట్టూ ఉన్న నీటిలోకి కరిగిపోతూ ఉంటుంది.

ప్రకృతిలో దీనికి తిరుగులేని ఉదాహరణ నాగుపాము విషం. అందులోని ఫాస్ఫోలిపేజ్ ఎ2 అనే ఎంజైము ఫాస్ఫోలిపిడ్ రెండవ స్థానంలోని కొవ్వు ఆమ్లాన్ని తెంచివేస్తుంది. మిగిలిన ఒంటి తోక అణువులు పోగైతే ఎర్ర రక్తకణాల త్వచం చితికిపోతుంది. "లైసో" అన్న పేరే కణాలను ఛేదించే ఈ గుణం నుంచి వచ్చింది. నా సొంత పనిలో ఇదే విషయం మరొక రూపంలో ఎదురైంది. ఒకసారి మా లైపోజోమ్‌లు లోపలి రంగును రాత్రంతా నిలుపుకోవలసినవి గంటలోనే కార్చేయడం మొదలుపెట్టాయి. వారం రోజులు బఫర్‌ను, పరికరాన్ని, ఉష్ణోగ్రతను అనుమానించాం. చివరకు లిపిడ్ సీసా నుంచి ఒక చుక్క తీసి సిలికా పలక మీద థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ, అంటే మిశ్రమంలోని అణువులను వేర్వేరు మచ్చలుగా విడదీసే పరీక్ష, చేస్తే, లెసిథిన్ మచ్చకు దిగువన లైసోలెసిథిన్ మచ్చ స్పష్టంగా కనిపించింది. ఆ సీసాను పలుమార్లు తెరిచి బల్ల మీదనే వదిలిపెట్టేవాళ్లం, దాంతో తేమ ఎస్టర్ బంధాలను కొంతమేరకు తెంచింది. ఆనాటి నుంచి లిపిడ్‌ను చిన్న చిన్న భాగాలుగా, ఆర్గాన్ వాయువు నింపి, సున్నాకు 20 డిగ్రీల దిగువన నిలవ చేయకుండా నేను ఏ ప్రయోగమూ ప్రారంభించలేదు. మీరు ప్రయోగశాలలో అడుగుపెట్టబోతున్నట్లయితే ఈ జాగ్రత్తను మొదటి రోజు నుంచే పాటించండి.

ఇప్పుడు తోకల అమరికకు వద్దాం, ఎందుకంటే త్వచం గడ్డకడుతుందా, ప్రవహిస్తుందా అన్నది ఇక్కడే తేలుతుంది. కోలిన్ తలను మార్చకుండా తోకలను మాత్రమే మార్చుతూ పోతే, పొర గట్టి జెల్ స్థితి నుంచి ద్రవ స్థితికి మారే ఉష్ణోగ్రత ఎలా కదులుతుందో చూడండి. రెండూ 14 కార్బన్ల సంతృప్త తోకలైతే సుమారు 24 డిగ్రీలు, 16 అయితే 41, 18 అయితే 55. తోక పొడవు పెరిగేకొద్దీ పక్క తోకతో తాకే భాగం పెరిగి, విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. ఇక 18 కార్బన్ల తోకల్లో ఒక్కొక్కదాని మధ్యన ఒక సిస్ ద్విబంధం, అంటే గొలుసు రెండు వైపులా ఒకే పక్కకు తిరిగే ద్విబంధం, పెడితే ఆ 55 కాస్తా సున్నాకు సుమారు 17 డిగ్రీల దిగువకు పడిపోతుంది. అదే చోట గొలుసు ఎదురు పక్కలకు సాగే ట్రాన్స్ ద్విబంధం పెడితే 12 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అణువులోని పరమాణువులన్నీ అవే, ఒక బంధం తిరిగిన దిక్కు మాత్రమే వేరు. దానివల్ల దాదాపు 30 డిగ్రీల తేడా వచ్చింది. నిర్మాణం ప్రవర్తనను నిర్ణయిస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడ పుస్తకాల బొమ్మ వల్ల కలిగే ఒక అపోహను తొలగించాలి. సిస్ ద్విబంధమున్న తోకను విరిచిన కర్రలాగా, సంతృప్త తోకను నిటారు కర్రలాగా గీస్తారు. ద్రవ స్థితిలో ఏ తోకా కర్రలా ఉండదు, సంతృప్త తోక కూడా సెకనులో కోట్ల సార్లు మెలికలు తిరుగుతూనే ఉంటుంది. సంతృప్త తోకకు చల్లబడినప్పుడు నిటారుగా నిలిచి పక్కవాటితో స్ఫటికంలా సర్దుకునే అవకాశం ఉంది, సిస్ ద్విబంధం ఆ అవకాశాన్ని చెడగొడుతుంది. ఆరు ద్విబంధాలున్న డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లపు తోక మరీ వంకరగా, బిరుసుగా ఉంటుందని చాలామంది ఊహిస్తారు. వాస్తవానికి అది అత్యంత సులువుగా ఆకారం మార్చుకునే తోక. కాంతిని గ్రహించే రోడాప్సిన్ ప్రొటీన్ వేగంగా రూపం మార్చుకోవలసిన కంటి రెటీనా దండకణాల త్వచాలలో అది పుష్కలంగా ఉండడం గమనించదగినది.

ఈ పరివర్తన ఉష్ణోగ్రత కాగితం మీది అంకె మాత్రమే కాదు, చేతికి తెలుస్తుంది. లైపోజోమ్‌లను ఒకే పరిమాణానికి తీసుకురావడానికి వాటిని 100 నానోమీటర్ల రంధ్రాలున్న పలుచని వడపోత పొర గుండా సిరంజితో నెడతాం. మా ప్రయోగశాలలో కొత్తగా చేరిన విద్యార్థి ఒకరు 16 కార్బన్ల సంతృప్త లెసిథిన్‌ను, అంటే మేము డీపీపీసీ అని పిలిచేదానిని, గది ఉష్ణోగ్రత వద్దనే నెట్టడానికి ప్రయత్నించారు. సిరంజి కదలలేదు, బలం పెంచితే వడపోత పొర చిరిగింది. సిరంజిని పట్టి ఉంచే లోహపు దిమ్మెను 50 డిగ్రీలకు వేడిచేసి అదే ద్రావణాన్ని మళ్లీ నెట్టమన్నాను, నీరు నెట్టినంత తేలికగా వెళ్లింది. జెల్ స్థితిలో ఒక్కో అణువు సుమారు 0.48 చదరపు నానోమీటర్ల చోటులో బిగుసుకుని ఉంటే, ద్రవ స్థితిలో అది దాదాపు 0.63కు విస్తరిస్తుంది, పొర పలుచబడుతుంది, వంగడం నేర్చుకుంటుంది.

పొర ఎక్కువగా కారేది పూర్తి ద్రవ స్థితిలో కాదు, సరిగ్గా పరివర్తన జరిగే ఉష్ణోగ్రత దగ్గర. కార్బాక్సీఫ్లోరసీన్ అనే రంగును గాఢంగా లోపల నింపితే అది మసకగా ఉంటుంది, బయటికి కారి పలుచబడినప్పుడే ప్రకాశిస్తుంది. డీపీపీసీ బుడగలలో దానిని నింపి నెమ్మదిగా వేడిచేస్తే 35 డిగ్రీల వరకు దాదాపు కదలిక ఉండదు, 41కి దగ్గరయ్యేసరికి ప్రకాశం ఒక్కసారిగా లేస్తుంది. జెల్ దీవులూ ద్రవ ప్రాంతాలూ పక్కపక్కన ఉన్నప్పుడు వాటి సరిహద్దుల్లో తోకలు దేనితోనూ సరిగా అమరవు, ఆ సందుల గుండా అణువులు జారిపోతాయి. జీవకణం తన త్వచాన్ని అలాంటి అంచుకు చేరనివ్వకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఒకే రకం లిపిడ్ ఉంటే పరివర్తన ఒకే ఉష్ణోగ్రత వద్ద నిట్టనిలువుగా జరుగుతుంది. ఒక తోక సంతృప్తం, మరొక తోక అసంతృప్తం అయిన మిశ్రమ అణువులు, వాటిలోనూ అనేక రకాలు ఉంటే ఆ పరివర్తన విశాలమై, శరీర ఉష్ణోగ్రతకు చాలా దిగువకు జరుగుతుంది. "ఒక్కటి చాలదా" అన్న మీ ప్రశ్నకు ఇది ఒక ప్రధాన సమాధానం.

జంతు కణాలలో కొలెస్టెరాల్ ఈ పనికి తోడ్పడుతుంది. దాని బిరుసైన వలయాలు పక్కనున్న సంతృప్త తోకలను ద్రవ స్థితిలో క్రమబద్ధం చేస్తాయి, చల్లబడినప్పుడు స్ఫటికంలా పేరుకోనివ్వవు. డీపీపీసీకి కొలెస్టెరాల్‌ను కలుపుతూ పోయి, పరివర్తనలో గ్రహించే వేడిని కొలిచే కేలరీమీటరులో చూస్తే 41 డిగ్రీల వద్ద ఉన్న పదునైన శిఖరం చదునవుతూ, దాని వాటా సగానికి చేరేసరికి కనబడకుండా పోతుంది. కొలెస్టెరాల్ లేని బ్యాక్టీరియా తోకలనే మార్చుకుంటుంది. ఈ. కోలైను చల్లని పరిస్థితుల్లో పెంచితే అసంతృప్త తోకల వాటాను పెంచి, ఏ ఉష్ణోగ్రత వద్ద పెరిగినా తన త్వచపు చిక్కదనం దాదాపు ఒకేలా ఉండేటట్లు చూసుకుంటుందని 1974లో మైకేల్ సినెన్‌స్కీ చూపారు.

ద్రవ స్థితిలో అణువులు ఎంత చురుకుగా ఉంటాయంటే, ఒక ఫాస్ఫోలిపిడ్ 2 మైక్రోమీటర్ల పొడవున్న బ్యాక్టీరియా ఒక కొన నుంచి మరొక కొనకు సుమారు ఒక సెకనులో చేరగలదు. 1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపివేసి, వాటి ఉపరితల ప్రొటీన్లు 37 డిగ్రీల వద్ద సుమారు 40 నిమిషాలలో కలగలిసిపోయాయని, చల్లబరిస్తే ఆ కలయిక ఆగిపోయిందని గమనించారు. త్వచాన్ని ప్రొటీన్లు తేలియాడే ద్రవ పొరగా చూసే, 1972 నాటి సింగర్, నికల్సన్‌ల ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనాకు బలమిచ్చిన ఆధారాలలో ఇది ఒకటి. అయితే ఈ చురుకుదనం పొర తలంలో పక్కకు కదలడానికే పరిమితం. ఒక పొర నుంచి ఎదుటి పొరకు పల్టీ కొట్టాలంటే నీటిని ఇష్టపడే తల నూనె గుండా ప్రయాణించాలి. సాధారణ ఫాస్ఫోలిపిడ్‌కు అది గంటల నుంచి రోజుల వ్యవహారం. కణం తన రెండు ముఖాలను వేర్వేరుగా ఉంచుకోగలగడం ఈ కష్టం వల్లనే సాధ్యమవుతోంది.

తల చిన్నదైతే ఏమవుతుంది? కోలిన్ స్థానంలో ఇథనోలమైన్ ఉంటే తల చిన్నదవుతుంది, పక్క తలలతో హైడ్రోజన్ బంధాలు కూడా ఏర్పడతాయి. రెండు 16 కార్బన్ల సంతృప్త తోకలతో ఇథనోలమైన్ లిపిడ్ పరివర్తన ఉష్ణోగ్రత 63 డిగ్రీలు, కోలిన్ లిపిడ్ కంటే 22 డిగ్రీలు ఎక్కువ. తోకలు అసంతృప్తమై వెడల్పుగా పరుచుకున్నప్పుడు ఇంకా పెద్ద మార్పు వస్తుంది. తల చిన్నది, కింది భాగం పెద్దది కావడంతో అణువు తోకల వైపు వెడల్పైన శంకువు అవుతుంది. ఇలాంటిదే అయిన డయోలియోయిల్ ఫాస్ఫాటిడిల్ ఇథనోలమైన్ ఒక్కదానితోనే లైపోజోమ్‌లు చేద్దామని నా పరిశోధన తొలినాళ్లలో ప్రయత్నించాను. పాలవంటి ద్రావణం రావలసిన చోట పరీక్షనాళిక అడుగున తెల్లని ముద్దలు చేరాయి. గది ఉష్ణోగ్రత వద్దనే ఆ లిపిడ్ నీటి సన్నని గొట్టాల చుట్టూ తలలు లోపలికి పెట్టుకుని షట్కోణాకారంలో పేరుకుంటుందని, అది పొరగా నిలవదని అప్పటికి నేను చదివే ఉన్నాను, కానీ కళ్లారా చూసేవరకు నమ్మలేదు. దానికి కొలెస్టెరాల్ నుంచి చేసిన కొలెస్టెరిల్ హెమిసక్సినేట్‌ను కలిపితే తటస్థ పీహెచ్ వద్ద దాని రుణావేశం తలల మధ్య ఎడం పెంచి మంచి బుడగలనిచ్చింది. ఆమ్లం కలిపి పీహెచ్‌ను 5కు దించగానే ఆవేశం పోయి, బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి లోపలి రంగంతా బయటపడింది.

మరి పొరను చెడగొట్టే ఇలాంటి లిపిడ్‌ను ఈ. కోలై తన ఫాస్ఫోలిపిడ్లలో మూడు వంతుల దాకా ఎందుకు పెట్టుకుంటుంది? స్తంభాకార లిపిడ్లతో కలిసి ఉన్నప్పుడు అది పొరగానే ఉంటుంది. కానీ త్వచం బాగా వంగవలసిన చోట, రెండు పొరలు కలిసి ఒకటి కావలసిన క్షణంలో, ఆ శంకువు ఆకారమే దారి సులువు చేస్తుంది. 25 నానోమీటర్ల వ్యాసమున్న చిన్న బుడగలో బయటి పొరలో లోపలి పొర కంటే దాదాపు రెట్టింపు అణువులుంటాయి, అంత బిగువైన వంపులో లోపలి వైపు చిన్న తలలుంటే అమరిక తేలికవుతుంది. రెండు త్వచాలు కలిసేటప్పుడు మధ్యలో ఏర్పడే సన్నని కాడ వంటి నిర్మాణానికి కూడా ఈ ఆకారమే నప్పుతుంది. కలవబోయే పొరల మీద లైసో లిపిడ్‌ను చల్లితే దాని వ్యతిరేక ఆకారం వల్ల ఆ కలయిక ఆగిపోతుంది. ఎమ్ఆర్ఎన్ఏ టీకాలలోని లిపిడ్ నానోకణాలు ఇదే సూత్రాన్ని వాడుకుంటున్నాయి. కణం మింగిన తరువాత లోపలి ఆమ్ల వాతావరణంలో వాటిలోని అయనీకరణం చెందగల లిపిడ్ ధనావేశం పొంది, అక్కడి రుణావేశ లిపిడ్లతో జతకట్టి, శంకువు ఆకారానికి దారితీసి ఆ పొరను ఛేదిస్తుంది.

మైటోకాండ్రియా లోపలి త్వచంలోని కార్డియోలిపిన్ ఈ వరుసలో ప్రత్యేకమైనది. రెండు ఫాస్ఫేట్లు, నాలుగు తోకలు ఉన్న ఈ అణువు గుండె కండరంలో ఎక్కువగా నాలుగూ లినోలియిక్ ఆమ్లపు తోకలతోనే కనిపిస్తుంది. ఆ తోకలను సరిచేసే టఫాజిన్ ఎంజైము లోపిస్తే బార్త్ సిండ్రోమ్ వస్తుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ప్రొటీన్లన్నీ ఉన్నా తోకలు మారినందుకే ఒక అవయవం దెబ్బతింటోందంటే, లిపిడ్‌ను కేవలం నేపథ్యంగా చూడడం ఎంత పొరపాటో మీకు తెలుస్తుంది.

ఇక ఆవేశం. ఆరోగ్యంగా ఉన్న కణంలో రుణావేశమున్న ఫాస్ఫాటిడిల్ సెరీన్ దాదాపు మొత్తం లోపలి ముఖం మీదే ఉంటుంది. ఏటీపీని ఖర్చుచేసే ఫ్లిప్పేజ్‌లు అనే ప్రొటీన్లు దానిని పట్టి లోపలికి తిప్పుతూ ఉంటాయి. ధనావేశ భాగాలున్న అనేక ప్రొటీన్లు త్వచం లోపలి ముఖానికి అతుక్కోవడానికి ఈ రుణావేశమే ఆధారం. కణం క్రమబద్ధంగా మరణించే వేళ ఫాస్ఫాటిడిల్ సెరీన్ బయటి ముఖానికి వస్తుంది, దానిని గుర్తించి భక్షక కణాలు ఆ కణాన్ని తొలగిస్తాయి. ఫాస్ఫాటిడిల్ సెరీన్‌కు అతుక్కునే అనెక్సిన్ ఐదు అనే ప్రొటీన్‌తో మనం మరణిస్తున్న కణాలను లెక్కించే పద్ధతి ఈ మార్పునే చూపుతుంది. రక్త ఫలకికలు గాయం దగ్గర ఉత్తేజితమైనప్పుడు కూడా ఇదే జరుగుతుంది. బయటపడిన సెరీన్ తలల మీద కాల్షియం సాయంతో రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు చేరతాయి. స్కాట్ సిండ్రోమ్ అనే అరుదైన వ్యాధిలో ఈ తారుమారు సరిగా జరగదు, గడ్డకట్టే ప్రొటీన్లన్నీ ఉన్నప్పటికీ రక్తస్రావం ఆగడం కష్టమవుతుంది. ఆ తారుమారుకు అవసరమైన టీఎమ్ఈఎమ్16ఎఫ్ అనే ప్రొటీన్‌ను 2010లో గుర్తించారు.

ఇనోసిటాల్ తలలున్న లిపిడ్లు వాటాలో చాలా కొద్ది. హార్మోను గ్రాహకం ఉత్తేజితమైనప్పుడు ఫాస్ఫోలిపేజ్ సి వీటిని రెండు ముక్కలు చేస్తుంది. తల విడిపోయి కణద్రవంలో కాల్షియంను విడుదల చేయిస్తుంది, తోకల భాగం త్వచంలోనే నిలిచి మరొక ఎంజైమును పిలుస్తుంది. అలాగే రెండవ స్థానంలో దాచి ఉంచిన అరాకిడోనిక్ ఆమ్లం అవసరమైనప్పుడు తెగి ప్రోస్టాగ్లాండిన్లు అనే సంకేత అణువులకు ముడిసరుకు అవుతుంది. సంకేతాలన్నీ ప్రొటీన్ల పనే అన్న మాట ఇక్కడ నిలవదు.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. శంకువు, స్తంభం అన్నవి అణువు కాలక్రమేణా ఆక్రమించే సగటు చోటుకు పెట్టిన పేర్లు. ఉష్ణోగ్రత, పీహెచ్, కాల్షియం మారితే ఆ సగటూ మారుతుంది, కనుక ఒక లిపిడ్‌కు శాశ్వతంగా ఒకే ఆకారం ఉందని రాయకండి. "ద్రవత్వం" అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. అణువు పక్కకు జరిగే వేగం, తోకల క్రమబద్ధత, పొర వంగడానికి చూపే ప్రతిఘటన మూడూ వేర్వేరు కొలతలు. కొలెస్టెరాల్ తోకల క్రమాన్ని బాగా పెంచినా, అణువులు పక్కకు జరగడాన్ని జెల్ స్థితిలో లాగా ఆపివేయదు. పైగా నేను చెప్పిన అంకెల్లో చాలావరకు శుద్ధమైన లిపిడ్లతో కొలిచినవి. నిజమైన కణత్వచం ప్రొటీన్లతో కిక్కిరిసి, లోపలి అస్థిపంజరంతో ముడిపడి ఉంటుంది, అందులో అణువుల కదలిక కృత్రిమ పొరలో కంటే నెమ్మది.

చివరగా, బొమ్మ ఎలా గీయాలని మీరు అడిగారు. నా విద్యార్థుల చేత నేను గీయించే పద్ధతి ఇది. కోలిన్ లిపిడ్‌ను స్తంభంగా, ఇథనోలమైన్ లిపిడ్‌ను కింద వెడల్పైన శంకువుగా, లైసో లిపిడ్‌ను పైన వెడల్పైన శంకువుగా గీయండి. తోకలను నిటారుగా కాక మెలికలుగా వేయండి, ఏ రెండు తోకలూ ఒకేలా ఉండకూడదు. సెరీన్ తలలను లోపలి వరుసలో మాత్రమే పెట్టి వాటి మీద రుణ గుర్తు వేయండి. కొలెస్టెరాల్‌ను సంతృప్త తోకల పక్కన, దాని చిన్న తల నీటి అంచుకు వచ్చేలా ఇరికించండి. ఆ తరువాత పొరను ఒకచోట లోపలికి వంచి గీసి, ఆ వంపులో ఏ ముఖం వైపు ఏ ఆకారాన్ని పెట్టాలో మీరే నిర్ణయించండి. గీసిన బొమ్మను ఇక్కడ పెడితే చూసి చెబుతాను.